డబ్బుకు దారి చూపే పదకొండు గుర్తులు

పిల్లలూ! చిరునామా సరిగా లేని ఉత్తరం వచ్చినా, పోస్టుమాను నాలుగిళ్ళ వారిని అడిగి ఎలాగో ఇల్లు కనుక్కుంటాడు. కాని బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు చేరవేసేది యంత్రం. యంత్రం ఎవరినీ అడగదు. అందుచేత ఆ చిరునామాలో ఒక్క గుర్తు కూడా తప్పు ఉండరాదు.

ఆ చిరునామాలో రెండు భాగాలున్నాయి. ఒకటి ఖాతా నంబరు. రెండవది బ్యాంకు శాఖ కోడు. ఈ కోడునే ఐ.ఎఫ్.ఎస్.సి. అంటారు. మీ ఇంట్లో చెక్కు పుస్తకం ఉంటే తీసి చూడండి. మొత్తం 11 గుర్తులు కనిపిస్తాయి.

కొత్త ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ కోడు చూడండి: ఎస్ బి ఐ ఎన్ 0 000691. మొదటి 4 ఇంగ్లీషు అక్షరాలు బ్యాంకును తెలుపుతాయి. చివరి 6 గుర్తులు శాఖను తెలుపుతాయి. మరి అయిదవ చోట ఉన్న సున్న ఎందుకు? ముందు ముందు ఏదైనా అవసరం పడవచ్చునని ఆ చోటు అట్టేపెట్టారు. ఏ బ్యాంకు కోడులోనైనా అక్కడ సున్నయే ఉంటుంది. చూపుకు ఇంగ్లీషు 'ఓ' అక్షరంలా ఉంటుంది గాని, అది సున్న!

విజయవాడలో ఒక తండ్రి, ఢిల్లీలో చదివే కూతురికి 5,000 రూపాయలు పంపాడనుకోండి. నోట్ల కట్ట ఏదీ రైలెక్కదు. ఆయన బ్యాంకు ఒక సందేశం మాత్రం పంపుతుంది. 2005లో మొదలైన 'నెఫ్ట్' పద్ధతిలో ఇటువంటి సందేశాలను అరగంట కొకసారి ఒకచోట చేర్చుతారు. కోడును బట్టి ఏది ఏ బ్యాంకుకు పోవాలో తేలుతుంది. ఈ బ్యాంకులకు రిజర్వు బ్యాంకులో లెక్కలున్నాయి. అక్కడ ఒకరి లెక్కలో తీసివేత, మరొకరి లెక్కలో కూడిక, అంతే! ఆ తరువాత కూతురి బ్యాంకు ఆమె ఖాతాలో సొమ్ము జమకడుతుంది. 2019 డిసెంబరు నుంచి ఈ పని రాత్రింబవళ్ళు, సెలవు దినాలలో కూడా జరుగుతున్నది.

అయితే ఒక ముఖ్య విషయం. జమకట్టేటప్పుడు బ్యాంకు చూసేది నంబరునే గాని, పేరును కాదు. అటువంటి ఖాతాయే లేకపోతే సొమ్ము తిరిగి వస్తుంది. కాని ఆ నంబరు మరొకరిదైతే? సొమ్ము వారికే చేరుతుంది! తిరిగి రాబట్టడం చాలా కష్టం. అందుకే 2025 ఏప్రిల్ నుంచి, సొమ్ము పంపకముందే ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యం ఏర్పాటు చేశారు.

కోడులు మారడం కూడా కద్దు. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 'ఎ ఎన్ డి బి' అని మొదలయ్యే దాని శాఖల కోడులు 'యు బి ఐ ఎన్' అని మొదలయ్యేటట్టు మారాయి. కనుక తాతగారి పాత పాస్‌బుక్కులోని కోడు ఇప్పుడు పనికిరాదు.

ఈసారి మీ ఇంట్లో పెద్దవారు ఎవరికైనా డబ్బు పంపుతుంటే పక్కన కూర్చోండి. వారు కోడు చదువుతుంటే మీరు వేలు పెట్టి సరిచూడండి: నాలుగు అక్షరాలు, ఒక సున్న, ఆరు గుర్తులు. తరువాత ఖాతా నంబరు కూడా ఒక్కొక్క అంకే చదివించండి. యంత్రం అడగని ప్రశ్న మీరు అడిగినట్టవుతుంది.