మద్యం మాన్పించే వారికి ఫోనులోనే పాఠాలు - పట్టా కంటే పని ముఖ్యం

నంద్యాల: తాగుడుకు చికిత్స ఉందని ఊళ్లలో చాలామందికి తెలియదు. తెలిసిన వారిలో కూడా అది ఒక బిళ్లతోనో, సూదితోనో అయిపోయే పని అనుకునేవారు ఉన్నారు. బిళ్ల సగం పనే చేస్తుంది. తాగే మనిషి ఎదుట కూర్చుని, తిట్టకుండా, బెదిరించకుండా, నెలల తరబడి మాట్లాడుతూ అతన్ని నిలబెట్టే మనిషి ఉంటేనే మిగతా సగం పూర్తవుతుంది. ఆ పని చేసేవారిని వ్యసన విముక్తి కౌన్సెలర్లు అంటారు.

ఈ కౌన్సెలర్లు తమ విద్యలో పై మెట్టు ఎక్కాలంటే ఒకప్పుడు బెంగుళూరుకో, మద్రాసుకో వెళ్లి మకాం పెట్టవలసి వచ్చేది. ఇప్పుడు పాఠాలు చాలావరకు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. నంద్యాల ఆసుపత్రిలో పనిచేసే నర్సు గానీ, సోషల్ వర్క్ చదివి ఆళ్లగడ్డలో సంసారం చేసుకుంటున్న కోడలు గానీ ఉద్యోగం, ఇల్లు వదలకుండా వాటిని వినవచ్చు. అయితే విన్నంత మాత్రాన మెట్టు ఎక్కినట్టు కాదు. పాఠం ఎంతవరకు పనికి వస్తుందో, ఆ తర్వాత ఏం కావాలో నేర్చుకునేవారికీ తెలియాలి, తమ మనిషిని వారి వద్దకు తీసుకుపోయే ఇంటివారికీ తెలియాలి.

38 మందిలో ఒక్కరికే

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా సర్వే జరిపి 2019 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు. 10 నుంచి 75 ఏళ్ల వయసు వారిలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారని అందులో తేలింది. అంటే సుమారు 16 కోట్ల మంది. వీరిలో 5 కోట్ల 70 లక్షల మందికి తాగుడు ఆరోగ్యానికి చేటు తెచ్చే స్థాయికో, బానిసత్వానికో చేరింది. ఇటువంటి వారు జనాభాలో 10 శాతానికి మించి ఉన్న కొద్ది రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అదే నివేదికలో మరో లెక్క ఉంది. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక విధమైన చికిత్స అందుతున్నది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేవారు 180 మందిలో ఒక్కరే. మిగతా వారికి దిక్కు ఇంటివారి శాపనార్థాలు, పెద్దమనుషుల పంచాయితీ, గుడిలో ప్రమాణం, లేదా తాయెత్తు.

ఉద్యమం ఒక పని, వైద్యం ఒక పని

తాగుడు మీద మన రాష్ట్రంలో ఆడవాళ్లు చేసిన పోరాటం చిన్నది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో చదువు నేర్చిన మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం అమలులోకి వచ్చింది. 1997లో దానిని సడలించారు.

దుకాణం మూయించడం ఉద్యమం చేయగలిగిన పని. పదేళ్లుగా రోజూ తాగి, తెల్లవారితే చేతులు వణికే మనిషి శరీరాన్ని నయం చేయడం ఉద్యమం చేతిలో లేదు. దానికి వైద్యుడు, కౌన్సెలర్ కావాలి. బీహారులో 2016 ఏప్రిల్‌లో సంపూర్ణ నిషేధం పెట్టినప్పుడు అక్కడి ప్రభుత్వం ఆసుపత్రులలో వ్యసన విముక్తి వార్డులు తెరిచి, వైద్యులకు, కౌన్సెలర్లకు బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ చేత శిక్షణ ఇప్పించింది.

దక్షిణాదిలో ఈ విద్యకు పునాది వేసిన వారిలో శాంతి రంగనాథన్ ముఖ్యులు. భర్త టి.టి.రంగనాథన్ 1979లో తాగుడు వల్ల చిన్న వయసులోనే మరణించారు. ఆమె అమెరికాలో శిక్షణ పొంది వచ్చి, 1980లో మద్రాసులో ఆయన పేరుతో చికిత్సా సంస్థ నెలకొల్పారు. టి.టి.కె. ఆసుపత్రిగా పేరొందిన ఆ సంస్థ దక్షిణాది కౌన్సెలర్లకు బడి వంటిదైంది. 1992లో ఆమెకు పద్మశ్రీ లభించింది.

తెలియక చేస్తే ప్రాణం మీదకు

శిక్షణ ఎందుకని అడిగేవారు ఒక్క విషయం గమనించాలి. రోజూ ఎక్కువగా తాగే మనిషిని ఒక్కసారిగా గదిలో వేసి మాన్పించడం ప్రమాదకరం. ఆపిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు గడిచాక కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, గోడల మీద పురుగులు పాకినట్టు తోస్తుంది. దానిని గాలి సోకడమని భావించి మంత్రగాని వద్దకు తీసుకుపోతే ప్రాణమే పోవచ్చు. ఈ దశలో వైద్యుని పర్యవేక్షణ, మందులు, బి-1 విటమిను అవసరం.

మరో పొరపాటు, మనిషికి తెలియకుండా అన్నంలో, మజ్జిగలో మందు కలపడం. మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ అనే మందు కడుపులో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రాణాంతకం కావచ్చు. వైద్యులు రోగికి చెప్పి, ఒప్పుకున్నాకే ఆ మందు ఇస్తారు.

ఎవరిని వెంటనే ఆసుపత్రికి పంపాలో, ఎవరిని మాటలతో నిలబెట్టవచ్చో గుర్తించడం కౌన్సెలర్ మొదటి విద్య. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 10 ప్రశ్నల పట్టిక ఉంది. మొత్తం 40 మార్కులు. 8 వస్తే తాగుడు హానికరమైన దారిలో ఉన్నట్టు. 20 లేదా అంతకు మించి వస్తే మనిషి బానిస అయి ఉండవచ్చునని అనుమానించి వైద్యునికి చూపాలి.

రెండో విద్య మాట్లాడడం. "నాకేం, ఎప్పుడంటే అప్పుడు మానేస్తా" అని తాగే మనిషి అంటాడు. "నీ మాటలు ఎన్నిసార్లు వినలేదు" అని ఇంటివారు విరుచుకుపడతారు. శిక్షణ పొందినవారు అలా అనరు. "అన్నా, మునుపు ఎప్పుడన్నా మానుకుంటివా? ఎన్ని దినాలు నిలబడితివి? అప్పుడు నీకు ఏం తోడైంది?" అని అడుగుతారు. మానడానికి కారణం అతని నోటనే వచ్చేలా చేస్తారు. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఈ పద్ధతిని శాస్త్రంగా మలిచి 1991లో గ్రంథం వెలువరించారు. వినడానికి తేలికగా ఉన్నా, నోరు కట్టేసుకుని ఎదుటివాడిని మాట్లాడించడం చాలాకాలం సాధన చేస్తే గానీ రాదు.

తెర మీద తరగతి ఎలా జరుగుతుంది

అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. కాలేయ జబ్బు రోగులు పెద్దాసుపత్రికి రాలేకపోతున్నారని, పల్లెల్లోని వైద్యులకే వీడియో ద్వారా వారం వారం మెలకువలు నేర్పారు. దాని పేరు ఎకో. నిమ్హాన్స్ ఆ పద్ధతిని వ్యసన చికిత్సకు, మానసిక వైద్యానికి తెచ్చింది.

ఇందులో ఉపన్యాసం కొద్దిసేపే. తర్వాత ఒక్కో కౌన్సెలర్ తన వద్దకు వచ్చిన ఒక కేసును, పేరు, ఊరు చెప్పకుండా, అందరి ముందూ ఉంచాలి. ఏం అడిగారు, ఏం చేశారు, ఎక్కడ చిక్కుకున్నారు అన్నది చెప్పాలి. పెద్దలు తప్పొప్పులు సరిచేస్తారు. తోటివారు తమ అనుభవం కలుపుతారు. ఛత్తీస్‌గఢ్‌లోని వెనుకబడిన జిల్లాల కౌన్సెలర్లకు నిమ్హాన్స్ ఇలాగే నేర్పింది. మొదట ఎదురెదురుగా కొద్దికాలం శిక్షణ, తర్వాత తమ ఊళ్ల నుంచే నెలల తరబడి వీడియో తరగతులు. ఆ అనుభవం మీద 2018లో పరిశోధన వ్యాసం వెలువడింది. పల్లె జిల్లాల కౌన్సెలర్లకు ఈ పద్ధతి పనికివస్తుందని ఆ వ్యాసం చెబుతున్నది.

2018లోనే నిమ్హాన్స్ డిజిటల్ అకాడమీ కూడా ప్రారంభమైంది. వైద్యులకు, మనస్తత్వవేత్తలకు, సామాజిక కార్యకర్తలకు, నర్సులకు వేర్వేరుగా కోర్సులు నడుపుతున్నది.

ఈ తరగతుల్లో ఇంగ్లీషు ఎక్కువ. వచ్చే రోగి మాత్రం మన సీమ మాటే మాట్లాడతాడు. పుస్తకంలో ఉన్న పెద్ద మాటను ఊరి మాటగా మార్చే పని కౌన్సెలర్‌దే. తాగాలనిపించే గుంజుడును 'యావ' అంటే ఆళ్లగడ్డలో ఎవరికైనా అర్థమవుతుంది. మానిన మనిషి ఒకసారి తాగితే దానిని 'కాలు జారడం' అనవచ్చు. జారినవాడు లేచి నిలబడగలడని ఆ మాటలోనే ఉంది.

పై మెట్టుకు ఏం కావాలి

అమెరికాలో చాలా రాష్ట్రాలలో వ్యసన కౌన్సెలర్లకు మెట్లుగా లైసెన్సులు ఉన్నాయి. కింది మెట్టు నుంచి పైకి పోవాలంటే పాఠాల గంటలతో పాటు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులతో పనిచేసిన గంటలూ చూపాలి, పరీక్ష నెగ్గాలి. మన దేశం కూడా సభ్యురాలైన కొలంబో ప్లాన్ సంస్థ వ్యసన చికిత్సకులకు ప్రత్యేక పాఠ్యక్రమం తయారుచేయించి, అంతర్జాతీయ పరీక్షలకు దారి వేసింది.

మన దేశంలో వ్యసన కౌన్సెలర్ అనే ప్రత్యేక లైసెన్సు లేదు. 2018 మే నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యులతో పాటు క్లినికల్ సైకాలజిస్టులను, మానసిక వైద్య సామాజిక కార్యకర్తలను, మానసిక వైద్య నర్సులను వృత్తి నిపుణులుగా గుర్తిస్తున్నది. క్లినికల్ సైకాలజిస్టు పేరు భారత పునరావాస మండలి రిజిస్టరులో ఉండాలి. కౌన్సెలర్లను, సామాజిక కార్యకర్తలను కూడా జాతీయ, రాష్ట్ర రిజిస్టర్లలోకి తేవాలని 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది.

ఇక్కడే జాగ్రత్త అవసరం. సైకాలజీ వంటి కోర్సులలో 2025 జూలై-ఆగస్టు నుంచి ఆన్‌లైన్, దూరవిద్య పద్ధతిలో విద్యార్థులను చేర్చుకోరాదని యు.జి.సి. ఆదేశించింది. అంటే డిగ్రీ కళాశాలకు వెళ్లి చదవాలి. ఆన్‌లైన్ తరగతి ఇప్పటికే చదివి పనిలో ఉన్నవారి చేతికి పదును పెడుతుంది. 'ఇంట్లో కూర్చుని నెలలో లైసెన్సు' అని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమని గ్రహించాలి.

ఇంటివారు అడగవలసినవి

మనిషిని ఏ కేంద్రంలోనైనా చేర్చేముందు ఇంటివారు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ కేంద్రానికి రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థలో రిజిస్ట్రేషన్ ఉందా? వైద్యుడు ఎప్పుడెప్పుడు వస్తాడు? కౌన్సెలర్ ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు? ఇంటికి పంపిన తర్వాత ఎన్నాళ్లు చూస్తారు? మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా 2017 నాటి ఆ చట్టం కిందకే వస్తాయి. రోగిని గొలుసులతో కట్టడాన్ని చట్టం నిషేధించింది. కొట్టి మాన్పిస్తామనే చోటు చికిత్సాలయం కాదు.

ఎక్కడికి పోవాలో తోచనివారు 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. అది వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం. మనోవేదనకు సంబంధించి టెలి మానస్ నంబరు 14416.

నంద్యాలలో ఏం చేయవచ్చు

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వారం వారం అంత దూరం వచ్చే ఓపిక మానాలనుకునే మనిషికి మొదటి నెలలోనే సన్నగిల్లుతుంది. కాలు జారేది కూడా తొలి నెలల్లోనే ఎక్కువ. అందుకే కౌన్సెలర్ ఆళ్లగడ్డలోనే ఉండాలి, అతనికి లేదా ఆమెకు పైనుంచి చూసే వైద్యుడు నంద్యాలలో ఉండాలి, ఇద్దరికీ కొత్త విషయాలు బెంగుళూరు నుంచి ఫోనులో అందాలి.

ఈ గొలుసుకు కావలసిన కొక్కేలు చాలావరకు ఉన్నాయి. నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది. 2023లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఆళ్లగడ్డలోనూ, చుట్టుపక్కల మండలాలలోనూ పనిచేసే నర్సులు, ఆరోగ్య కార్యకర్తలలో ఆసక్తి ఉన్నవారిని ఎంపిక చేసి ఆన్‌లైన్ శిక్షణకు పంపాలి. తరగతి ఉన్న రోజు వారికి డ్యూటీ నుంచి రెండు గంటలు వెసులుబాటు ఇవ్వాలి. వారు చూసిన కేసులను కళాశాల వైద్యులు నెలకొకసారి పరిశీలించే ఏర్పాటు జరగాలి. పర్యవేక్షణలో చేసిన పని గంటలను రిజిస్టరులో రాసి ఉంచితే, రేపు రాష్ట్ర రిజిస్టరులో పేరు నమోదుకు ప్రయత్నించేటప్పుడు చేతిలో ఆధారం ఉంటుంది.

ఇందుకు కొత్త భవనాలు అవసరం లేదు. ఒక గది, ఒక ఫోను, వారానికి రెండు గంటలు, అడిగితే జవాబు చెప్పే ఒక వైద్యుడు చాలు. 38 మందిలో ఒక్కరికి అందుతున్న చికిత్స ఇద్దరికి అందినా, ఆ రెండో ఇంట్లో వారం కూలి ఇల్లు చేరుతుంది. జిల్లా వైద్యాధికారులు ఈ దిశగా ఆలోచించవలసి ఉంది. గ్రామసభలలో రోడ్లు, నీళ్లతో పాటు ఈ సంగతి కూడా అడగవలసిన బాధ్యత గ్రామస్థులది.