చెట్టు కింద అమ్మకం బండి: సొరుగు మూసే ముందు పైన కసువు ఊడ్చండి

పైన ఉన్న వీడియోలో మా అమ్మకం బండి సొరుగు తెరవడం, పైన ఊడవడం, మళ్లీ మూయడం అంతా చూపించాను. వీడియోలో చెప్పడానికి వీలుకాని సంగతులు, నేను చేసిన తప్పుతో సహా, ఇక్కడ రాస్తున్నాను. ప్రకృతి వ్యవసాయంలో పండించినదాన్ని సొంత బండిలో టౌనుకు తీసుకెళ్లి అమ్ముకునేవాళ్లకు ఇది పనికొస్తుంది.

మా తోట పాకాల మండలంలో ఉంది. మామిడి, వేరే చెక్కలో శెనక్కాయ, కొర్ర, రాగి. ప్రతి ఆదివారం తిరుపతిలో ఒక రోడ్డు పక్కన, పెద్ద నిద్రగన్నేరు చెట్టు కింద బండి పెడతాను. శెనక్కాయలు, గానుగ నూనె, బెల్లం, చిరుధాన్యాలు అమ్ముతాను.

సొరుగు అంటే ఏంది?

బండి చిన్న ట్రక్కే. వెనక డబ్బాకు ఎడమ పక్కన ఒక అర చేయించుకున్నాను. లోపలికి తోస్తే డబ్బాలో కలిసిపోతుంది. బయటికి లాగితే మూడడుగులు ముందుకొచ్చి అంగడిలా నిలబడుతుంది. దానికి సొంత కప్పు ఉంది, కింద రెండు ఇనుప ఛానళ్లు, చుట్టూ రబ్బరు బీడింగ్. అమెరికా లాంటి దేశాల్లో క్యాంపింగ్ బండ్లకు ఇట్లనే బయటికి జరిగే గదులు ఉంటాయి. స్లైడ్-అవుట్ అంటారు. మేము సొరుగు అనేశాం. ఒక మాట: బండి బాడీని ఇట్లా మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. పని అయిపోయినాక పోతే ఇబ్బంది.

చెట్టు కిందే ఎందుకంటే, తిరుపతి ఎండ మీకు తెలిసిందే. మేలో 40 డిగ్రీలు దాటుతుంది. రేకు డబ్బాలో బెల్లం కారిపోతుంది, నూనె పాడవుతుంది, కొనడానికి వచ్చిన మనిషి రెండు నిమిషాలు నిలబడడు. నీడ కావాల్సిందే. నీడ ఉంటే ఆకు రాలుతుంది. ఈ రెండో సంగతి నేను పట్టించుకోలేదు.

నేను చేసిన తప్పు

2023 డిసెంబరు 3, ఆదివారం. మిచౌంగ్ తుపాను వాన. మధ్యాహ్నానికి జల్లు పెద్దదైంది. కొనేవాళ్లు లేరు. తడుస్తానని తొందరపడి, పైకి కూడా చూడకుండా సొరుగు లోపలికి తోసేశాను. సగంలో బిగుసుకుంది. ఇంకొంచెం గట్టిగా తోశాను, పోయింది. పని అయిపోయిందనుకుని ఇంటికి వచ్చేశాను.

తుపాను 5వ తేదీ బాపట్ల దగ్గర తీరం దాటింది. బుధవారం సొరుగు తెరిస్తే కప్పు మీది తడి ఆకులు డబ్బా లోపల చాపలా పరుచుకుని ఉన్నాయి. పై బీడింగ్ కింద చిటికెన వేలంత పుల్ల ఒకటి ఇరుక్కుంది. ఆ సందులోంచి మూడు రోజులు వాన నీళ్లు లోపలికి కారాయి. కింద రెండు మూటల శెనక్కాయలు తడిసిపోయినాయి.

అసలు తప్పు దీని తర్వాత చేశాను. కాయల్ని రెండు రోజులు ఎండబెట్టి, పైకి బాగున్నవి ఏరి, తర్వాతి ఆదివారం అమ్మేశాను. వారం తర్వాత ఎప్పుడూ కొనే ఒక పెద్దమ్మ సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నాయనా, వాసన చూడు. బూజు వాసన వస్తా ఉండాది. మనవరాలికి ఉడకబెడదామని తీసుకుపోయినా."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. డిప్లొమాలో చదువుకున్న పాఠమే ఇది. తడిసిన శెనక్కాయల్లో ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండబెడితే బూజు ఆగుతుందేమో గాని అప్పటికే పుట్టిన విషం పోదు. వేయించినా, ఉడకబెట్టినా పూర్తిగా పోదు. కంటికి బాగా కనపడే గింజలో కూడా ఉండొచ్చు. నిల్వ చేసే కాయల్లో తేమ 8-9 శాతం దాటకూడదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడినే నేను.

ఆ రాత్రే మా వాట్సాప్ గ్రూపులో ఉన్నది ఉన్నట్టు పెట్టాను. కొన్నవాళ్లు వాడొద్దన్నాను, తెచ్చిస్తే డబ్బులు తిరిగి ఇస్తానన్నాను, ఇచ్చాను. వెనక్కి వచ్చిన కాయల్ని ఆవులకు కూడా వేయలేదు. ఆ విషం పాలలోకి దిగుతుంది. గుంత తీసి పూడ్చేశాం. మందు కొట్టకుండా పండించామని చెప్పి అమ్మే మనం, ఒక పుల్ల వల్ల విషం అమ్మినవాళ్లం అవుతామని అప్పుడు అర్థమైంది.

ఆకు ఎక్కడ చెడగొడుతుంది

సొరుగు బయట ఉన్నంతసేపు దాని కప్పు మీద ఆకు పడినా నష్టం లేదు. లోపలికి తోసేటప్పుడే తంటా. కప్పు మీద ఉన్నదంతా బీడింగ్ దగ్గరికి వస్తుంది. ఎండుటాకు అయితే కొంత ఆగి కింద పడుతుంది. తడి ఆకు అతుక్కుని బీడింగ్ కిందుగా లోపలికి దూరుతుంది. పుల్ల, కాయ అయితే రబ్బరును చీలుస్తాయి. ఛానల్లో పడిన కసువు దుమ్ముతో కలిసి ముద్దవుతుంది, సొరుగు వంకరగా నడుస్తుంది. అప్పుడు నాలాగా బలంగా తోస్తే మూల వంగిపోతుంది.

ఏ చెట్టు కింద ఏం పడుతుంది

నిద్రగన్నేరు, చింత: ఆకు చాలా చిన్నది. జల్లెడ మెష్ పెట్టినా దూరిపోతుంది. ఎండాకాలంలో నిద్రగన్నేరు కాయలు పడతాయి, లోపల గుజ్జు జిగురుగా ఉంటుంది.

వేప: ఉగాది ముందు ఆకు, ఉగాదికి పువ్వు, తర్వాత పండు. పండు నలిగితే కప్పు మీద జిగట, దాని మీద ఈగలు.

మామిడి: పూత కాలంలో తేనెమంచు పురుగు ఉంటే తీపి జిగట కింద పడుతుంది. దాని మీద నల్లటి మసి పడుతుంది, చీమలు చేరతాయి. పూత మీదున్న తోటలో బండి పెట్టొద్దు.

రావి, మర్రి: పండ్లకు పగలు పక్షులు, రాత్రి గబ్బిలాలు. తినే సరుకు అమ్మేచోట ఇది కుదరదు.

కొబ్బరి: వద్దే వద్దు. మట్ట పడినా, కాయ పడినా బండి కంటే ముందు మనిషికి ప్రమాదం.

నా అనుభవంలో కానుగ మేలు. నీడ చిక్కగా ఉంటుంది, ఆకు పెద్దది, ఊడిస్తే వచ్చేస్తుంది. పూత రాలే రోజుల్లో మాత్రం రెండు మూడు సార్లు ఊడవాలి.

ఇప్పుడు నేను చేసే వరుస

1. బండి ఆపే ముందు పైకి చూస్తాను. ఎండు కొమ్మ ఉంటే అక్కడ ఆపను. మేలో సాయంత్రం గాలివానకు మొదట విరిగేది అదే.

2. సొరుగు ఉన్న పక్క చక్రాలు ఒక అంగుళం కిందికి ఉండేలా నిలుపుతాను. కప్పు మీద పడిన నీళ్లు డబ్బా వైపు రాకుండా బయటికి పోతాయి.

3. మూసే ముందు, పొడవాటి కర్రకు కట్టిన మెత్తటి పొరకతో కప్పు ఊడుస్తాను. డబ్బా వైపు నుంచి బయటికి ఊడవాలి. ఎదురుగా ఊడిస్తే కసువును మనమే బీడింగ్‌లోకి తోసినట్టు. కప్పు మీదికి ఎక్కొద్దు, నిచ్చెన మీద నిలబడి చేయండి.

4. ఛానళ్లలో పాత పెయింట్ బ్రష్ తిప్పుతాను. గ్రీజు పూయను, దానికి దుమ్ము అంటుకుంటుంది. పొడి సిలికాన్ స్ప్రే చాలు.

5. బీడింగ్‌ను నెలకు ఒకసారి కుంకుడుకాయ రసంతో తుడిచి ఆరబెడతాను. ఇంజిన్ ఆయిల్, డీజిల్ తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

6. తోసేటప్పుడు బిగిస్తే ఆపేస్తాను. మళ్లీ బయటికి లాగి, ఎక్కడ ఏముందో చూస్తాను.

7. వానలో మూయక తప్పకపోతే, ఇంటికి రాగానే షెడ్డులో తెరిచి తుడుస్తాను. రాత్రి ఎంత ఆలస్యమైనా సరే, తెల్లవారేదాకా వదలను. మూటలు ఇప్పుడు నేల మీద పెట్టను, చెక్కల మీద పెడతాను.

సైలెన్సర్ పక్కన ఎండుటాకు పోగు కాకుండా కూడా చూసుకోండి. నిప్పు అంటుకోవడానికి అంత చాలు.

చుట్ట పట్ట

క్యాంపింగ్ బండ్లకు సొరుగు కప్పు మీద ఒక బట్ట ఉంటుంది. సొరుగు బయటికి వస్తే విప్పుకుంటుంది, లోపలికి పోతే చుట్టుకుంటుంది. స్లైడ్ టాపర్ అంటారు. వీడియోలు చూసి మా వెల్డింగ్ అన్నతో మాట్లాడి నాటు పద్ధతిలో ఒకటి చేయించాను. టార్పాలిన్ పట్ట ఒక అంచును డబ్బాకు అల్యూమినియం పట్టీతో బిగించాం. రెండో అంచును పీవీసీ పైపుకు చుట్టాం. స్ప్రింగు లేదు, చేత్తోనే తిప్పాలి.

దీనితో ఊడిచే పని సగమైంది, పూర్తిగా పోలేదు. పట్ట వదులైతే నీళ్లు నిలుస్తాయి. చుట్టే ముందు కింది నుంచి కర్రతో తట్టి ఆకు దులపాలి. గాలి ఎక్కువైతే చుట్టేయాలి, లేకపోతే చిరుగుతుంది.

ఊడిచిన ఆకు

పారేయను. ప్రతి ఆదివారం ఒకటో రెండో గోతాలు నిండుతాయి. ప్లాస్టిక్ ఏరేసి మామిడి పాదుల్లో ఆచ్ఛాదనగా వేస్తాను. డబ్బాలో బూజు పెంచిన ఆకే పాదులో తేమను పట్టి వానపాములను పెంచుతుంది.

ఆ కొమ్మలు కొట్టించేయమని చాలామంది చెప్పారు. రోడ్డు పక్క చెట్టు మనది కాదు, పైగా మేలో ఆ నీడ లేకపోతే నా అంగడే లేదు. మా నాయనకు ఈ కథంతా చెబితే ఒకటే మాట అన్నాడు: "చెట్టు కింద మంచం వేసేటోడు ముందు పైకి చూస్తాడు. నువ్వు చూడలేదు, అంతే."

ఆ పెద్దమ్మ రెండు నెలలు రాలేదు. మూడో నెలలో వచ్చి అర కిలో కాయలు తీసుకుంది. ముందు వాసన చూసింది. ఇప్పటికీ ప్రతిసారీ చూస్తుంది. చూడనీ, అదే మంచిది.

వచ్చే వీడియోలో చుట్ట పట్ట కొలతలు, బిగించే తీరు చూపిస్తాను. ఉంటాను.