రక్తం పడితే మొలలేనా?

'మొలలు, ఫిస్టులా... ఆపరేషన్ లేకుండా గ్యారంటీ వైద్యం!' నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఊళ్లలో గోడల మీద ఇలాంటి పోస్టర్లు మీరూ చూసే ఉంటారు. మోషన్‌లో రక్తం పడిందంటే మనవాళ్లు అనేది రెండే మాటలు. ఒకటి 'వేడి చేసింది', రెండోది 'మొలలు'. చాలాసార్లు అవి మొలలే. కానీ ప్రతిసారీ కాదు. అదే రక్తం పెద్దపేగు క్యాన్సర్‌కు మొదటి గుర్తు కూడా కావచ్చు. 'అది ముసలోళ్ల జబ్బు కదా' అంటారా? అయితే ఈ లెక్కలు చూడండి.

వయసు తగ్గుతోంది

'బ్లాక్ పాంథర్' హీరో చాడ్విక్ బోస్‌మన్ 2020 ఆగస్టులో ఈ క్యాన్సర్‌తోనే చనిపోయాడు. అప్పటికి అతని వయసు 43. 2016లో జబ్బు బయటపడేసరికే మూడో స్టేజ్. అమెరికాలో 1950 ప్రాంతంలో పుట్టినవాళ్లతో పోలిస్తే, 1990 ప్రాంతంలో పుట్టినవాళ్లకు అదే వయసులో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెండింతలు. పేగు చివరి భాగంలో వచ్చే క్యాన్సర్ ముప్పయితే ఏకంగా నాలుగింతలు. అందుకే అక్కడ ముందస్తు పరీక్షలు మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కి దించారు.

2022లో ప్రపంచమంతా కలిపి 19 లక్షలకు పైగా కొత్త కేసులు, సుమారు 9 లక్షల మరణాలు. 50 దేశాల లెక్కలతో 2024 చివర్లో వచ్చిన అధ్యయనం ప్రకారం, 25 నుంచి 49 ఏళ్ల వాళ్లలో ఈ క్యాన్సర్ 27 దేశాల్లో పెరుగుతోంది. ఆ వయసులో లక్ష మందికి ఆస్ట్రేలియాలో ఏడాదికి 16.5 మందికి వస్తుంటే, మన దేశంలో 3.5. ఆ జాబితాలో అట్టడుగున ఉన్నది మనమే.

హమ్మయ్య అనుకోకండి. ఈ అంకె మన రక్తంలో రాసి పెట్టింది కాదు.

రెండు వారాల్లోనే తేడా

ఈ క్యాన్సర్ అలాస్కా మూలవాసుల్లో చాలా ఎక్కువ. దక్షిణాఫ్రికా పల్లెల్లో చాలా తక్కువ. మరి ఇదంతా జన్యువుల మహిమేనా? 2015లో వెలువడిన ఒక ప్రయోగంలో 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లకు పల్లె తిండి, అంటే పీచు ఎక్కువున్న మొక్కజొన్న, చిక్కుళ్ల లాంటివి పెట్టారు. 20 మంది దక్షిణాఫ్రికా పల్లెవాసులకు కొవ్వు, మాంసం ఎక్కువున్న అమెరికా తిండి పెట్టారు. రెండే రెండు వారాలు! క్యాన్సర్ ముప్పును చూపే గుర్తులు అమెరికన్ల పేగుల్లో తగ్గాయి, పల్లెవాసుల పేగుల్లో పెరిగాయి. జపాన్ నుంచి హవాయికి వలస వెళ్లిన కుటుంబాల్లోనూ ఒకటి రెండు తరాల్లోనే ఈ జబ్బు పెరిగింది. మనుషులు వాళ్లే, మారింది బతుకు తీరు.

పాలమూరు పళ్లెం కూడా మారింది

మన తాతల పళ్లెంలో జొన్న రొట్టె, గట్క, సజ్జలు, పప్పు. తర్వాత సాగర్ కాలువలు, బోర్లు వచ్చాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పథకం కూడా మొదలైంది. ఆకలి తీరడం మంచిదే, అన్నం తింటే క్యాన్సర్ వస్తుందని ఎవరూ అనరు. కానీ హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపే. రోజుకు 10 గ్రాముల పీచు అదనంగా తినేవాళ్లలో ఈ క్యాన్సర్ ముప్పు సుమారు 10 శాతం తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి.

తిండి ఒక్కటే కాదు. ఒకప్పుడు పాలమూరు లేబర్ అంటే దేశమంతా డ్యాములు, కాలువలు కట్టినవాళ్లు. వాళ్ల మనవలు కొందరు ఇప్పుడు గచ్చిబౌలిలో పొద్దంతా కుర్చీలోనే. దానికి పొట్ట, సిగరెట్, వీకెండ్ మందు తోడయ్యాయి. ఇవన్నీ ఈ క్యాన్సర్ ముప్పును పెంచేవే. సాసేజ్, సలామీ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2015లోనే తేల్చింది.

తక్కువే... కానీ చిన్న వయసులో

ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి ఒక అధ్యయనంలో చూసిన 800 మంది రోగుల సగటు వయసు 47. మన జనాభాలో కుర్రాళ్లు ఎక్కువ కాబట్టి సగటు కొంత తగ్గుతుంది, నిజమే. అయినా 'ఈ వయసులో క్యాన్సర్ ఏంటి' అని కొట్టిపారేయలేం. పైగా 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వం చేసే క్యాన్సర్ స్క్రీనింగ్‌లో ఉన్నవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. పెద్దపేగు లేదు. అంటే మన ఒంటిని మనమే కనిపెట్టుకోవాలి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరకు?

* మోషన్‌లో రక్తం పడుతుంటే
* కడుపునొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంటే
* మోషన్ తీరు మారి వారాలు గడిచినా మామూలవకపోతే
* కారణం తెలియకుండా రక్తహీనత ఉంటే, బరువు తగ్గుతుంటే

ఇంట్లో అమ్మానాన్నలకు, తోబుట్టువులకు ఈ జబ్బు వచ్చి ఉంటే 40 ఏళ్లకే, లేదా వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందే పరీక్షలు మొదలుపెట్టాలి. పేగులో చిన్న బుడిపె క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఈలోపు కొలనోస్కోపీలో దొరికితే అప్పుడే తీసేస్తారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముందు చూపించుకోవచ్చు. బీబీనగర్‌లో ఎయిమ్స్, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. క్యాన్సర్ చికిత్సలు ఆరోగ్యశ్రీలోనూ ఉన్నాయి.

వెనక భాగం చూపించుకోవాలంటే సిగ్గే. కానీ చూడకుండా 'మొలలే' అని మందు రాసిస్తే ఒక్క ప్రశ్న అడగండి: 'పరీక్ష చేయకుండా మొలలేనని ఎలా తెలిసింది సార్?'