గొఱ్ఱెపిల్లల కండబలము – సెలీనియము

హిందూపురము, పెనుగొండ, ధర్మవరము ప్రాంతములలో వాన చాలని యేట రైతును నిలుపునది గొఱ్ఱెల మందయే. ఆ మంద మేతనుగూర్చి యొక ముఖ్యవిషయము మనవి చేసెదను.

తిన్న మేత ప్రాణవాయువుతో కలసి ఒంటిలో మెల్లగా మండుటచేత బలము పుట్టును. పొయ్యినుండి నిప్పురవ్వలు లేచునట్లు, అందుండి కొన్ని తీక్ష్ణపదార్థములు లేచి కండలను చెఱచును. వానిని చల్లార్చు కావలివాడు గ్లూటాథయోన్ పెరాక్సిడేజు. సెలీనియమను ఖనిజము దానిలో భాగమని 1973లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. నేలలో నది కొఱవడిన మేతలోను కొఱవడును, కావలి సడలును. పచ్చిమేతలోని ‘ఇ’ విటమిను ఈ కావలికి తోడు. కావున ఎండుమేతతోనే నెలలు గడపిన హాని హెచ్చగును.

అట్టి తల్లులకు పుట్టిన పిల్లలు కాళ్లు బిగిసి, నడువలేక కూలబడును. గుండెకండ చెడినచో హఠాత్తుగా చచ్చును. కోసి చూచిన కండలలో తెల్లని చారలుండును. దిష్టి యని కాలము జాఱవిడువరాదు. కీళ్లవాపుచేతను పిల్లలు కుంటును గనుక, నిజము పరీక్షచేతనే తేలును.

అయినను మందు చేతికొలతతో పోయరాదు. ఎండుమేత కిలోకు 0.1 మొదలు 0.3 మిల్లిగ్రాముల సెలీనియము చాలును. 5 మిల్లిగ్రాములు మించి చాలకాలము తిన్నచో విషమగును. పంజాబులో నవాన్‌షహర్ ప్రాంతమున నేలలో నది హెచ్చగుటచేత పశువుల వెండ్రుకలు రాలి, గిట్టలు చెడినవి.

కావున చూడిగొఱ్ఱెలకు అవిసె మొదలగు పచ్చియాకు నందింపుడు. బిగిసిన పిల్లను ఆనాడే పశువైద్యునకు చూపుడు. ఆయన చెప్పిన మోతాదే మందకు రక్ష.