చక్రాన్ని నిలిపేది బిగింపు

పూర్వం పల్లెల్లో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా తొడగడం చూడముచ్చటైన పని. చక్రంకంటె కొంచెం చిన్నదిగా చేసిన పట్టాను కమ్మరి ఎర్రగా కాల్చి, అది వ్యాకోచించగానే చక్రానికి తొడిగి నీళ్ళు పోసేవాడు. చల్లారిన ఇనుము సంకోచించి చక్రంలోని కర్రలన్నింటినీ అదిమిపట్టేది. నేటి కారు చక్రాన్ని నిలిపేదీ ఈ అదుముడు బలమే.

చక్రాన్ని హబ్బుకు పట్టి ఉంచేవి నాలుగైదు ఉక్కు స్టడ్డులు, వాటిపై నట్లు. కారు బరువును స్టడ్డులే మోస్తాయని చాలామంది భావిస్తారు. వాస్తవం వేరు. నట్టు బిగించినప్పుడు స్టడ్డు కంటికి కనిపించనంత సాగుతుంది. సాగిన ఉక్కు ముడుచుకోబోతూ చక్రాన్ని హబ్బుకేసి అదుముతుంది. 12 మి.మీ. స్టడ్డును 100 న్యూటన్-మీటర్ల టార్కుతో బిగిస్తే సుమారు 4 టన్నుల బలం పుడుతుంది. ఐదింటికి 20 టన్నులు. ఆ ఒత్తిడివల్ల లోహతలాల మధ్య ఏర్పడే ఘర్షణే ప్రధానంగా భారాన్ని మోస్తుంది.

బిగింపు సడలితే చక్రం హబ్బుపై అతిస్వల్పంగా జారుతుంది. అప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ స్టడ్డు వంగుతుంది. 2 మీటర్ల చుట్టుకొలత గల చక్రం 2,000 కిలోమీటర్లలో 10 లక్షల చుట్లు తిరుగుతుంది. ఒక్కసారి వంచితే విరగని ఉక్కు లక్షలసార్లు వంగితే విరుగుతుంది. ఇదే లోహపు అలసట. 1842లో వెర్సాయ్ నుండి పారిస్‌కు వెళ్తున్న రైలింజను ఇరుసు విరిగి యాభైమందికి పైగా మరణించారు. ఆ తరువాతి దశాబ్దాలలో జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ తన ప్రయోగాలతో ఈ అలసటకు లెక్కలు కట్టాడు.

వెడల్పు టైర్ల కోసమో, అందం కోసమో చక్రాన్ని బయటికి జరపడానికి హబ్బుకూ చక్రానికీ మధ్య ఉంచే లోహపు పళ్ళెమే స్పేసరు. దీనివల్ల రెండు చిక్కులున్నాయి. పలుచని స్పేసరు స్టడ్డు పొడవును కొంత మింగివేస్తుంది. నట్టుకు పట్టు తగ్గుతుంది. 1.5 మి.మీ. మరలున్న 12 మి.మీ. స్టడ్డుపై నట్టు కనీసం 8 చుట్లు ఎక్కాలి. మందమైన స్పేసరును వేరే నట్లతో హబ్బుకు బిగించి, దానిపై చక్రాన్ని అమరుస్తారు. అంటే ఒక అతుకు రెండవుతుంది. లోపలి నట్లు చక్రం వెనుక దాగి ఉంటాయి. అవి వదులైనా కనిపించవు.

దీనికి రసాయనిక చర్యలు తోడవుతాయి. మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లే ప్రాంతాలలో, ఉప్పునీరు తగిలిన చోట అల్యూమినియం స్పేసరూ ఉక్కు హబ్బూ చిన్న విద్యుద్ఘటంలా పనిచేస్తాయి. అల్యూమినియం క్షయించి తెల్లని పొడి పేరుకొంటుంది. ఆ పొడి, తుప్పు, రంగుపూత — వీటిలో ఏది తలాల మధ్య ఉన్నా క్రమంగా నలిగి పలుచబడుతుంది. వెంట్రుకవాసి పలుచబడినా చాలు, స్టడ్డులోని సాగుడు, దానితోపాటు బిగింపు తగ్గిపోతాయి.

స్టీరింగులో కొత్త వణుకు, వేగంతో హెచ్చే టకటక శబ్దం, నట్టుచుట్టూ తుప్పు చారలు కనిపిస్తే వాహనాన్ని సురక్షితమైన చోట ఆపివేయాలి. ఒక్క స్టడ్డు విరిగినా ఆ హబ్బులోని అన్నింటినీ మార్చాలి. మిగిలినవీ అదనపు భారం మోసి అలసినవే. రంధ్రాలు కోలగా సాగిన రిమ్మును, స్పేసరును తిరిగి వాడరాదు. తలాలను లోహం కనిపించేవరకు శుభ్రపరచి, ఎదురెదురు నట్లను వంతులవారీగా టార్కు రెంచితో బిగించాలి. తయారీదారు చెప్పనిదే మరలకు నూనె రాయరాదు. నూనె ఘర్షణను తగ్గించడంవల్ల అదే టార్కుకు స్టడ్డు మితిమీరి సాగుతుంది. 80 నుండి 160 కిలోమీటర్లు నడిచాక మరల సరిచూడాలి. స్పేసరు ఉంటే చక్రం విప్పి లోపలి నట్లనూ చూడాలి.

విరిగిన స్టడ్డు ముఖం తన కథ తానే చెబుతుంది. పగులు నెమ్మదిగా పాకిన భాగం నునుపుగా, ఆల్చిప్పపై గీతల వంటి వంపులతో ఉంటుంది. చివరి క్షణంలో తెగిన భాగం గరుకుగా ఉంటుంది. నునుపు భాగం ఎంత విశాలమైతే ఆ స్టడ్డు అంత స్వల్పభారంతోనే, అనేక రోజులపాటు విరుగుతూ వచ్చిందన్నమాట. ఆ రోజులలో ఏనాడు ఒకరు రెంచి పట్టి చూసినా ప్రమాదం తప్పి ఉండేది.