మంటలో మాయం కానివి

పిల్లలూ! మంటలో వేసినదంతా మాయమైపోతుందా? వరిగడ్డిని చూడండి. అందులో పొటాషియం, క్లోరిన్ కలవు. బాయిలరు మంటలో ఇవి ఒక లవణమై, ఆవిరిగా లేచి, గొట్టాలపై బూడిదతో అట్టకట్టి, ఉక్కును తినివేస్తాయి.

పి.వి.సి. ప్లాస్టిక్కులోనూ క్లోరిన్ మెండు. అది కాలితే ఘాటైన ఆమ్లవాయువు పుడుతుంది. డయాక్సిన్లనే విషపదార్థాలూ ఏర్పడవచ్చు. అందుకే న్యూ సౌత్ వేల్స్‌లో ఒక నియమం ఉన్నది: చెత్తలోని సేంద్రియ పదార్థాల క్లోరిన్ 1 శాతం మించితే, పొగను 1,100 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 2 సెకన్లు ఉంచాలి.

మన స్కోఫీల్డ్స్ ఉన్న బ్లాక్‌టౌన్ నగర పరిధిలోనే ఈస్టర్న్ క్రీక్ ఉన్నది. అక్కడ తలపెట్టిన చెత్త విద్యుత్కేంద్రానికి 2018లో అనుమతి దొరకలేదు. వెలువడే వాయువులను అదుపు చేయగలరనడానికి తగిన ఆధారం లేదన్నారు.

కనుక పొయ్యిలో ఏమి వేస్తున్నామో తెలుసుకోవడమే మొదటి జాగ్రత్త. మీ ఇంటి చెత్తలో పి.వి.సి. వస్తువులేవో వెదకి చూడండి.