శబ్దమునకు ఒక మానిక

ఖమ్మము దాటి భద్రాచలము వైపు సాగు దారిలో, అడవి అంచున నున్న ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి తన అవ్వ చెప్పిన కథను మూడు దినములు ఫోనులో రికార్డు చేసినాడనుకొందము. మొదటి దినము వాకిటిలో, అవ్వ నోటికి జానెడు దూరమున. రెండవ దినము రేకుల కప్పు క్రింద, ఫంకా తిరుగుచుండగా. మూడవ దినము మరల వాకిటిలోనే, కాని ఫోను నాలుగు జానల దూరమున నున్నది. మూడింటిని కలిపి తరగతిలో వినిపించినచో ఒకచోట ధ్వని పెంచవలెను, మరొకచోట తగ్గింపవలెను. అవ్వ ఒకతే, అయినను ముగ్గురు మాటాడినట్లుండును.

దీనికి ముఖ్య కారణము దూరము. ఆరుబయట మైకునకు నోటికి గల దూరము రెట్టింపైనచో ధ్వని సుమారు 6 డెసిబెల్‌లు తగ్గును. జానెడు నాలుగు జానలైనచో 12 డెసిబెల్‌లు పోవును. గదిలోనైతే రేకులనుండి, గోడలనుండి మరలివచ్చిన ధ్వని కూడ వచ్చి కలియును.

ఈ హెచ్చుతగ్గులను దిద్దుటకు కొన్ని కొలతలను నిర్ణయించి, వాటిని కంప్యూటరులో దాచుకొని, ప్రతి రికార్డుకును అవే వాడవచ్చును. దీనిని ప్రీసెట్ అందురు. ఈ ఆలోచన క్రొత్తది కాదు. గ్రామఫోను రికార్డులు కోయునపుడు మంద్రధ్వనులను తగ్గించి, తారధ్వనులను పెంచెడివారు. వినునపుడు దానిని తలక్రిందులుగా చేయవలెను. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క లెక్క పాటించుచుండుటచే చిక్కులు కలిగినవి. 1954లో అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘము ఒకే వక్రరేఖను నిర్ణయించినది. అదియు ఒక ప్రీసెట్టే!

మాటకు పనికివచ్చు వరుస ఒకటి చూతము. మొదట 80 హెర్ట్‌జ్‌లకు దిగువ ధ్వనులను ఆపు ఫిల్టరు. స్త్రీల కంఠపు మూల పౌనఃపున్యము సుమారు 200, పురుషులది సుమారు 100 హెర్ట్‌జ్‌లు గనుక మాటకు నష్టము లేదు. గాలి తాకిడి, బల్ల అదురు తగ్గును. తరువాత కంప్రెసర్. ఇది బిగ్గరగా నున్న భాగమును మాత్రమే అణచును. కంప్యూటరులో నమోదు కాగల గరిష్ఠ ధ్వనిని సున్న అనుకొని, మిగిలినవానిని ఋణసంఖ్యలుగా చెప్పుదురు. కంప్రెసర్ హద్దును -18 వద్ద, నిష్పత్తిని 3కి 1గా నుంచితిమనుకొనుడు. మొదటి దినము అవ్వ గొంతు -6 వరకు లేచినది. హద్దును 12 దాటినది. దానిని 4కు కుదించుటచే -14 వద్ద నిలుచును.

మూడవ దినపు రికార్డు మాటేమి? దూరమువలన అవ్వ గొంతు 12 తగ్గి, ఎంత లేచినను -18 వద్దనే ఆగినది. హద్దు దాటలేదు, కంప్రెసర్ దానిని ముట్టుకొనదు. కొలతలు మారలేదు గాని ఫలితము మారినది. (ఫోను తనంత తానే ధ్వనిని దిద్దు ఏర్పాటును ఆపినప్పుడే ఈ లెక్క సరిగా కుదురును.) మానిక ఒకటే అయినను, ఒకరు తల కొట్టి, ఒకరు శిఖ పోసి కొలిచినచో గింజలు సమానమగునా? కావున ప్రీసెట్ వేయుటకు పూర్వమే అన్ని రికార్డులను ఒకే మట్టమునకు తేవలెను. మైకును జానెడు దూరమున నుంచుట అన్నిటికంటె చౌకయైన ఉపాయము.

మట్టమును చూచుటకు శిఖరములు మాత్రమే చాలవు. చెవికి తోచు బిగ్గరతనము వేరు. దానిని కొలుచు పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము 2006లో ప్రకటించినది.

ఇక నా తప్పొకటి చెప్పెదను. ఒక కోయ గూడెములో డోలుతో పాడిన పాటను రికార్డు చేసి, మాటకు కూర్చిన ఈ ప్రీసెట్టునే దానికి వేసితిని. ఫిల్టరు డోలు యొక్క అడుగు నాదమును కొంత కోసివేసినది. కంప్రెసర్ చేసినది అంతకంటె చెరుపు. మైకు ఒక్కటే గనుక డోలు దెబ్బ హద్దు దాటినప్పుడెల్ల దానితోపాటు గొంతు కూడ అణగి, మరల పైకి తేలినది. గాయకుడు నీటిలో మునిగి లేచుచున్నట్లుండెను. మూలప్రతిని విడిగా దాచితిని గనుక పాట దక్కినది.

ఇది చిన్న విషయము కాదు. డోలు వాయించుచు సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల గాథలను పాడిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ లభించినది. 2024లో వారు మరణించిరి. అట్టివారి పాటను మరల రికార్డు చేయు అవకాశము ఉండదు. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు చొప్పున ఒకే వాహికలో దాచిన మూలప్రతికి నిమిషమునకు సుమారు 5.3 మెగాబైట్లు పట్టును. గంటకు 318. నేటి చిన్న మెమరీ కార్డులో కూడ ఇది భారము కాదు.

ఉచితముగా లభించు ఆడాసిటీలో ఈ వరుసను మాక్రోగా దాచి, చిన్న ఫైలుగా మరొక పాఠశాలకు పంపవచ్చును. మాటకు ఒకటి, డోలుపాటకు వేరొకటి చేసికొని, ఫైలు పేరులోనే మైకు దూరమును కూడ వ్రాసియుంచుడు. డోలుపాటకైతే నేను ఫిల్టరును 40 హెర్ట్‌జ్‌లకు దించి, కంప్రెసరును పూర్తిగా తీసివేసి, మట్టమును మాత్రమే సరిచేయుచున్నాను.